కింది కొమ్మలు

“ఇంత చిన్న ఇల్లు ఊడవడానికి ఎంతసేపు?” అన్నారు మా ఆయన, పేపరు మీంచి తల ఎత్తకుండా.

ఉద్దానంలో నేలంతా ఇసుక. కిటికీ తెరిస్తే గాలితో వస్తుంది, తలుపు తెరిస్తే కాళ్లతో వస్తుంది. పెద్ద ఇంట్లో అయితే ఏదో ఒక గదిలో దాక్కుంటుంది, చూడనట్టు ఊరుకోవచ్చు. ఒకటే గది ఉన్న ఇంట్లో అలా కుదరదు. అన్నం తినేదీ, పడుకునేదీ, పచ్చడి నూరేదీ అక్కడే. చాప దులిపితే పొయ్యి మీద పడుతుంది. పొయ్యి తుడిస్తే మళ్లీ చాప మీదికి వస్తుంది. ఇంటి కొలత కూర్చునేవాళ్లకు ఒకటి, ఊడ్చేవాళ్లకు ఇంకొకటి. ఆ మాట పైకి అనలేదు. చీపురు మూలకి ఆనించి, ఆయన కుర్చీ కింద ఇసుక చేత్తో ఎత్తిపోశాను. కాళ్లు ఎత్తారు. అంతవరకు మంచి మనిషే.

ఆ ఇల్లంటే నాకు ఇష్టం. ముందే చెబుతున్నాను. ఈ సంగతి విన్నవాళ్లందరూ నాకు ఆ ఇల్లు పడలేదనే అనుకుంటారు, మా ఆయనతో సహా.

టెక్కలిలో ముప్పై ఏళ్లు కాపురం చేశాం. ఆయన గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మేడ మీద మూడు గదులు. వంటింటి కిటికీ తీస్తే పక్కింటి గోడ. అటక నిండా పెళ్లిలో వచ్చిన గిన్నెలు, ఎవరూ వండని గుండిగలు, ఏడాదికోసారి దించి తోమి మళ్లీ పైన పెట్టడానికి. నా సగం జీవితం వాడని వస్తువులు తోముతూ గడిచింది. అందుకే రిటైరైన ఏడాది ఆయన ఒకరోజు, “మనిషికి ఇంత అక్కర్లేదు చంద్రా. ఒక గది, ఒక నుయ్యి, నాలుగు చెట్లు చాలు” అన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది. పెళ్లయిన ఇన్నేళ్లకు నా మనసులో మాట ఆయన నోట విన్నాననిపించింది. అటక మీది గిన్నెలన్నీ నేనే పంచిపెట్టాను. ఒక్కటి ఇచ్చేటప్పుడు కూడా చెయ్యి వెనక్కి లాగలేదు.

కంచిలి దాటి సముద్రం వైపు వెళితే మామగారు వదిలిన జీడితోట ఉంది. మా ఆయనా నేనూ వెళ్లి నిలబడ్డాం. ఆయన పుల్ల తీసుకుని ఇసుక మీద గీశారు. ఇది గది. ఇది వంటకి మూల. ఇది సముద్రం వైపు వరండా, వెడల్పుగా ఉండాలి, వచ్చినవాళ్లు కూర్చోవాలి. ఇల్లు తుపానుగాలికి ఎదురు నిలబడకుండా ఒదిగి ఉండాలి, ఎప్పటికీ ఇంతకు మించి పెంచకూడదు. నాకు అన్నీ నచ్చాయి. ఒక్కటే అడిగాను.

“మరి బాత్రూము?”

ఆయన నవ్వారు. “తోటంతా బాత్రూమే గదే. మాయమ్మ ఏనాడైనా బాత్రూమెరుగునా? ఈ తోటలోకే ఎల్లీది. ఎనబై ఏళ్లు బతికినాది.”

పుల్ల పారేశారు. ఇల్లు ఖాయమైంది. స్నానానికి నుయ్యి దగ్గర నాలుగు రాటలు పాతి తాటాకుల దడి కట్టించారు, నడుం ఎత్తున. అది నాకోసమని అందరికీ చెప్పేవారు.

అత్తగారు తోటలోకే వెళ్లేవారన్నది నిజం. మా అమ్మా అంతే. మాది జలంత్రకోట. చిన్నప్పుడు అమ్మ వేలు పట్టుకుని వెళ్లేదాన్ని. అప్పటి జీడిచెట్లు వేరు. కొమ్మలు నేల దాకా వంగి, నేల మీద మోచేతులు ఆనించుకుని, మళ్లీ పైకి లేచేవి. చుట్టూ పరికిణీలా ఆకు. అమ్మ ఒక కొమ్మ ఎత్తి పట్టుకునేది, నేను లోపలికి దూరేదాన్ని. లోపల చల్లగా, పచ్చగా, గదిలా ఉండేది. పక్క చెట్టులోంచి ఇంకెవరో పలకరించేవారు. “నువ్వేనేటే?” “నానే.” ఊళ్లో ఆడవాళ్ల ముచ్చట్లన్నీ అక్కడే. అత్తలను తిట్టుకోవడం అక్కడే, కొత్త కోడళ్లు ఏడుపు తీర్చుకోవడం అక్కడే. ఒకావిడ ఈ చెట్టులోంచి తిడుతుంటే ఆ తిట్లు తింటున్న అత్తగారే ఆ చెట్టులోంచి దగ్గేదని అమ్మ చెప్పి నవ్వేది. మొగవాళ్లు ఎవరూ అటు వచ్చేవారు కాదు. రాకూడదని ఎవరూ చెప్పలేదు, రారంతే.

తిత్లీ తుపాను వచ్చిన అక్టోబరులో ఒక్క తెల్లవారుజామున అక్కడివీ, మామగారి తోటలోవీ ఆ చెట్లన్నీ పడిపోయాయి. వేళ్లతో లేచి పక్కకి పడుకున్నాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు చెట్లు లెక్కపెట్టుకున్నారు. చాటు ఎవరూ లెక్కపెట్టలేదు.

మా తోటలో వాటి చోట ఆయన అంటుమొక్కలు వేయించారు. త్వరగా ఎదిగాయి. అవి నిలువెత్తు దాటాక ఫోనులో వీడియోలు చూసి రంపం కొన్నారు. కింది కొమ్మలు కొట్టేస్తే గాలీ వెలుతురూ బాగా తగులుతాయట, జీడిపిక్కలు ఏరడం సులువట. ప్రతి చెట్టుకీ నడుం పైదాకా కొమ్మలన్నీ నరికేశారు. ఇల్లు పూర్తయ్యేసరికి తోట, గొడుగులు పాతినట్టు తయారైంది. పైన ఆకు, కింద ఖాళీ. “వరండాలో కూర్చుంటే ఆ చివర రోడ్డు దాకా కనిపిస్తుంది చూశారా” అని వచ్చినవాళ్లకు చూపించేవారు.

కనిపించేది. రోడ్డు మీదివాళ్లకు ఇటూ అంతే.

అలా నీళ్లు తాగడం మానేశాను. ఒక్కరోజులో మానేయలేదు, ఒక్కో చెంబూ తగ్గుతూ వచ్చింది. వెలుగు రాకముందే లేచి వెళ్లి వచ్చేదాన్ని. ఆ తర్వాత చీకటి పడేదాకా దారి లేదు. కాబట్టి పొద్దున్న ఒక చెంబు తాగి, పగలంతా పెదవులు తడుపుకునేదాన్ని. అన్నంలో మజ్జిగ మానేశాను. కాఫీ ఆయనకు ఇచ్చి నేను వాసన చూసేదాన్ని. ఎండలో రోటి ముందు కూర్చుని పప్పు రుబ్బుతుంటే నాలుక అంగిటికి అతుక్కుపోయేది. అదీ అలవాటైంది. ఆడదాని ఒంటికి అలవాటు కానిదేముంది.

ఆయనకు బాత్రూము గొడవ లేదు. పక్కనున్న సరుగుడుతోట వైపు తిరిగి నిలబడేవారు. వచ్చిన స్నేహితులూ అంతే, మాటలు ఆపకుండానే వెళ్లి, మాటలు ఆపకుండానే తిరిగొచ్చేవారు.

తాగే నీళ్లు ఊళ్లో కొళాయి నుంచి తేవాలి. స్కూటరు మీద డబ్బా పెట్టుకుని ఆయనే తెచ్చేవారు. ఇంటిపనిలో ఆయన వాటా అదే. “మా డబ్బా మూడు రోజులు వస్తుందండి. మా ఆవిడ దగ్గర నేర్చుకోవాలి పొదుపంటే” అని అందరితో అనేవారు. గర్వంగా అనేవారు. ఆ గర్వంలో ప్రేమ కూడా ఉంది.

మిక్సీ లేదు, సోలారు పలక మీద ఒక బల్బూ ఫోనూ తప్ప నడవవు. “రోటి పచ్చడి రుచే వేరు” అనేవారు. రుచి వేరే. చెయ్యి కూడా వేరే కదా అనుకునేదాన్ని. గ్యాసు వద్దన్నారు, ఎండుకొమ్మలు ఇన్ని పడి ఉండగా ఎందుకని. నరికిన కింది కొమ్మలన్నీ ఏరి, కట్టలు కట్టి, వానకు తడవకుండా చూరు కింద పేర్చింది నేను. నా చాటునే నేను పొయ్యిలో పెట్టుకున్నాను.

అయినా ఇష్టమే. మాఘంలో జీడిపూత వచ్చినప్పుడు తోటంతా తియ్యగా, కొంచెం వగరుగా ఒక వాసన వస్తుంది. నుయ్యి పక్క బొరియలో ఒక ముంగిస ఉండేది. నేను బియ్యం కడుగుతుంటే వచ్చి వెనక కాళ్ల మీద నిలబడి చూసేది, మా అత్తగారిలాగే, తప్పు పట్టడానికన్నట్టు. సాయంత్రం గాలి మారితే సముద్రం గదిలోకి వచ్చి పడుకున్నంత దగ్గరగా వినిపించేది. ఒక చీర ఆరేస్తే, ఒక గిన్నె బోర్లిస్తే, ఒక దీపం పెడితే ఇల్లు నిండిపోయేది. టెక్కలిలో ఎంత చేసినా నిండని ఇల్లు. ఈ గదిలో నాకు నేను కనిపించేదాన్ని. అందుకే నోరు మూసుకున్నాను. అడిగితే ఇల్లే పోతుందేమోనని భయం.

ఊళ్లోవాళ్లు మాత్రం ఊరుకోరు కదా. “పురుషోత్తంబాబు ఈ వయసులో చిన్నిల్లు కట్టినాడు” అని నవ్వుకునేవారు. “పెద్దిల్లూ సిన్నిల్లూ ఒక్క మనిషేనట, పాపం” అని కామాక్షమ్మ వాళ్లకి జవాబు చెప్పేది. కామాక్షమ్మ మా తోటలో పిక్కలు ఏరే ఆడవాళ్లకు పెద్ద. నాకంటే నాలుగేళ్లు చిన్నదేమో, నన్ను అమ్మా అనే పిలుస్తుంది. నోరు గట్టిది, చెయ్యి మెత్తనిది.

ఫాల్గుణంలో గౌరీశంకర్ అనే కుర్రాడు వచ్చాడు. ఇలాంటి ఇళ్ల మీద వీడియోలు తీసి ఫోనుల్లో పెడతాడట. తోడు ఇంకో నలుగురు. పొద్దున్నే దిగారు. వరండాలో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక తోట కనిపించేట్టు కెమెరా పెట్టారు. నేను టీ పెట్టి, ఉప్మా చేసి, మళ్లీ టీ పెట్టాను. రోటి ముందు కూర్చోమన్నారు, కూర్చున్నాను. రుబ్బమన్నారు. ఒకసారి రుబ్బింది సరిగా రాలేదని మళ్లీ రుబ్బమన్నారు.

“అమ్మగారూ, ఇక్కడ మీకు ఏం లోటు అనిపించలేదా?” అని అడిగాడు గౌరీశంకర్. మంచి కుర్రాడే, నా మొహం చూసే అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నారు. “ఆవిడకి ఏమీ అక్కర్లేదండి. చాలా తక్కువతో బతికేస్తుంది. నిజానికి నాకు గురువు ఆవిడే.”

అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. గురువు రుబ్బుతూ ఉంది.

తర్వాత ఒక డ్రోను ఎగరేశారు. తేనెటీగలు తిరిగినట్టు చప్పుడు చేస్తూ అది తోట మీద పైకీ కిందికీ తిరిగింది. మధ్యాహ్నం దాటింది. ఆ రోజు పొగలో ఎక్కువసేపు కూర్చుని, ఆగలేక, రెండు గ్లాసులు నీళ్లు తాగాను. ఎటు వెళ్లను? ఇటు అయిదుగురు మొగవాళ్లు, అటు రోడ్డు, పైన అది. ఇన్నాళ్లూ ఆకాశం ఒక్కటే నన్ను చూడనిది అనుకునేదాన్ని. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. “చంద్రా, బయటికి రా, పైనుంచి ఇద్దరినీ తీస్తారట” అని పిలిచారు. వచ్చాను. చెయ్యి ఊపమన్నారు. ఊపాను. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. నేను నవ్వుతున్నట్టే ఉంటాను.

మర్నాటికి చలిజ్వరం, పొత్తికడుపులో కత్తి దిగినట్టు నొప్పి. పలాసలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి శ్రీవల్లి ఈడుది. కాగితాలు చూసి నా వైపు తిరిగింది.

“రోజుకి నీళ్లు ఎంత తాగుతారమ్మా?”

“తాగుతుందండి. మాకు నీళ్లకేమీ లోటు లేదు” అన్నారు ఆయన.

“ఆవిడ్ని అడిగాను.”

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. “పొద్దున్న ఒక చెంబు. మళ్లీ చీకటి పడ్డాకే” అన్నాను.

“ఎందుకు?”

“వెళ్లడానికి చోటు లేక.”

అంతే మాట. ఆరు నెలలుగా నోట్లో ఉంది. బయటికి వచ్చాక చూస్తే ఎంత చిన్న మాట.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఇన్‌ఫెక్షన్ వచ్చిందనీ, దానికి మందులు ఇస్తాననీ, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువుందనీ చెప్పింది. ఇప్పుడే జాగ్రత్తపడితే దిగుతుందంది. “మీది ఉద్దానమే కదమ్మా. మీకు నేను చెప్పాలా?” అంది.

అక్కర్లేదు. మా అమ్మ ఆ కిడ్నీ జబ్బుతోనే పోయింది. ఎందుకొస్తుందో ఒకరు ఒకటి అంటారు, ఇంకొకరు ఇంకొకటి అంటారు. అమ్మను వారానికి రెండుసార్లు బస్సులో తీసుకెళ్లి, డయాలిసిస్ మిషను పక్కన కూర్చునేదాన్ని. తాగే నీళ్లు కూడా కొలిచి ఇమ్మన్నారు. ఆఖరి రోజుల్లో అమ్మ దాహం దాహం అనేది. తడిగుడ్డతో పెదవులు అద్దేదాన్ని. అమ్మకి నీళ్లు తాగే వీలు లేకపోయింది. నాకు అన్నీ ఉండి, కావాలని ఆ తడిగుడ్డ నా పెదవులకు నేనే అద్దుకుంటున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కాశీబుగ్గ దాటాం. ఆయన స్కూటరు నడుపుతూ, “నాతో ఒక మాట సెప్పొచ్చు గదా” అన్నారు.

చెప్పాను. ఇసుక మీద ఇల్లు గీస్తున్నప్పుడు చెప్పాను. జవాబు కూడా వచ్చింది.

“పోనీలే. టెక్కలి ఎల్లిపోదాం” అన్నారు మళ్లీ. “ఇలాంటి బతుకు అందరికీ పడదు. నీ ఒంటికి పడలేదు, అంతే. నీ తప్పేటుంది.”

మెత్తగా అన్నారు. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. వెనక కూర్చుని ఆయన చొక్కా మీద చెమట మరక చూస్తున్నాను. నాకు పడనిది చెట్లూ కాదు, సముద్రమూ కాదు, చిన్న గదీ కాదు. ఒక గోడ కట్టకపోవడం పడలేదు. ఆ గోడ ఒక్కటి తప్ప అన్నీ నాకు పడ్డాయి. కానీ రేపు అందరికీ ఆయన చెప్పబోయేది వినిపించింది: మా ఆవిడ తట్టుకోలేకపోయిందండి. ఆరోగ్యం పోతే మందులున్నాయి. ఇల్లు పోతే?

శ్రీవల్లి ఫోను చేసి ఏడ్చింది. దానికి పలాసలోనే ఉద్యోగం. “అమ్మా, మా ఇంటికి వచ్చీ. ఇక్కడ రెండు బాత్రూములున్నాయి” అంది.

“నీ ఇంట్లో రెండున్నాయి సరే. నా ఇంట్లో ఒకటుండాలి” అన్నాను. అని, ఆ మాట నాదేనా అని ఫోను వైపు చూసుకున్నాను.

నాకు జ్వరం తగ్గిన మూడోనాడు ఆయన బయల్దేరారు. విశాఖపట్నం అవతల ఎక్కడో నిరాడంబర జీవితం మీద శిబిరమట, రెండు వారాలు. ఆయన్ని మాట్లాడమని పిలిచారు. వచ్చేదారిలో టెక్కలిలో దిగి, మా పాత మేడ మీద అద్దెకున్నవాళ్లను ఖాళీ చెయ్యమని చెప్పి వస్తానన్నారు. “మందులు వేసుకో. కామాక్షమ్మని చూడమన్నాను” అన్నారు. నీళ్ల డబ్బా నిండుగా తెచ్చి పెట్టి వెళ్లారు. ఎవరి గురించి మాట్లాడడానికి వెళుతున్నారో ఆవిడ చాప మీద పడుకుని ఉంది.

అప్పుడే పిక్కలు ఏరడం మొదలైంది. జీడిపళ్లు రాలి తోట నిండా పుల్లటి వాసన. కామాక్షమ్మా, ఇంకో ఆరుగురు ఆడవాళ్లూ వంగి పండు మెలిపెట్టి పిక్క తీసి బుట్టలో వేస్తున్నారు. నేనూ వెళ్లి నీడన కూర్చుని ఏరాను. మిట్టమధ్యాహ్నం వాళ్లు చద్ది విప్పుకున్నారు. కామాక్షమ్మ నా మొహంలోకి చూసింది.

“ఓలమ్మా, ఆ పెదాలు సూడు ఎలా పగిలిపోనాయో. డాటరమ్మ ఏటి సెప్పినాది? తాగు.”

“తర్వాత తాగుతానులే.”

ఆవిడ నన్ను చూసింది. ఇంటిని చూసింది. రోడ్డుని చూసింది.

“ఒలే, సీర తియ్యండే” అంది.

ఒకామె బుట్ట అడుగునుంచి పాత నేతచీర తీసింది. ఒక కొస చెట్టు మొదలుకి కట్టారు. రెండో కొస ఇద్దరు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. చీర మధ్యలో ఒక గది తయారైంది. అందరూ వీపులు తిప్పి నిలబడి, పనిగట్టుకుని గట్టిగా దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు, లోపలి చప్పుడు ఎవరికీ వినిపించకుండా.

“ఒసే, నువ్వు ఎటు సూత్తన్నావే?”

“నానా? నా మొగుడు నన్ను సూసినట్టు సూత్తన్నాను. అంటే అసలు సూడనట్టే!”

ఏడుగురూ విరగబడి నవ్వారు. లోపల నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఆ తోటలో అడుగుపెట్టాక వెలుతురులో వెళ్లడం అదే మొదలు. చీర పలచగా ఉంది, ఎండ దాంట్లోంచి ఎర్రగా దిగుతోంది. అమ్మ కొమ్మ ఎత్తి పట్టుకుని బయట నిలబడినట్టే ఉంది.

బయటికి వచ్చాక కామాక్షమ్మ తన సీసా నా చేతిలో పెట్టింది. తాగాను.

“మీరు రోజూ ఇలాగేనా?” అని అడిగాను.

“మరేటి సేత్తాం. ఎనకటి సెట్లున్నప్పుడు ఈ బాద నేదు. బాబుగారు కింద కొమ్మలన్నీ కొట్టీసినారు గదా. సీర పట్టుకున్నంతసేపు పని ఆగిపోతాదని, మావూ నీలు తాగడం తగ్గించీసినాం.”

ఆ సాయంత్రం ఎండ ఉండగానే వరండాలో నిలబడ్డాను. ఆయన కుర్చీ, పక్కన స్టూలు, గోడకి ఆనించిన పేపర్ల కట్ట. ఆ ఇంట్లో గది తర్వాత ఎక్కువ చోటు దానిదే. నేను అందులో ఎప్పుడూ కూర్చోలేదు, ఊడ్చాను.

కామాక్షమ్మ మరిది కూర్మనాథం తాపీపని చేస్తాడు. మర్నాడు వచ్చాడు. వరండా అటూ ఇటూ చూసి తలగోక్కున్నాడు.

“గోడ కట్టీమంటావేటమ్మా? వరండా పోద్ది గదా.”

“అంతా వద్దు. సగం.”

“యే సగం?”

“కుర్చీ ఉన్న సగం.”

అతను కుర్చీని చూశాడు. “బాబుగారితో ఒకపాలి సెప్పాల గదమ్మా.”

“వెనకాల ఏరే కట్టుకోవొచ్చు గదా అనుకుంటన్నావేటి నువ్వు?” అంది కామాక్షమ్మ అతనితో.

నిజానికి నేనూ అదే ఆలోచించాను. ఇంటి వెనక బోలెడు చోటుంది. కానీ ఇల్లు పెంచకూడదన్నది ఆయన నియమం. దాన్ని నేనూ ఒప్పుకున్నాను. ఇల్లు పెంచకుండా, ఉన్నదాంట్లోనే ఒకరు కొంచెం జరిగితే ఇంకొకరికి చోటు వస్తుంది. తక్కువతో బతకడమంటే అదే అని నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ తక్కువంతా నా వాటాలోంచే తీశారు.

“కట్టరా” అంది కామాక్షమ్మ మరిదితో. “నీ పెల్లాం ఎక్కడికెల్తందో ఏనాడైనా అడిగినావా?”

కూర్మనాథం పనిలోకి దిగాడు. నుయ్యికి దూరంగా, పల్లం వైపు గొయ్యి తవ్వి సిమెంటు ఒరలు దింపాడు. ఆ ఏటి పిక్కల బస్తాలు నేనే అమ్మాను, ఇటుకలు వాటితోనే వచ్చాయి. గోడ నా తల దాటి లేచింది. పైన చిన్న కిటికీ పెట్టమన్నాను, ఆకాశం కనిపించేట్టు. లోపల గడియ పెట్టాడు. అది వేసీ తీసీ చూసుకున్నాను. టక్ మని పడుతుంది. పెళ్లిలో మెడలో పడిన ఏ వస్తువూ అంత చక్కని చప్పుడు చేయలేదు.

ఆయన సాయంత్రం ఆటోలో దిగారు. భుజాన సంచీ, చేతిలో మడతపెట్టిన శాలువా. ఆడవాళ్లు ఇంకా తోటలోనే ఉన్నారు. ఆయన వరండా ముందు ఆగి, గోడని కిందినుంచి పైదాకా చూశారు.

“ఇదేటి?”

“బాత్రూమండి.”

“ఇల్లు పెంచకూడదనుకున్నాం గదా.”

“ఒక్క అడుగు కూడా పెంచలేదు. కొలుచుకోండి.”

మిగిలిన సగంలో పిక్కల బుట్టలూ, నీళ్ల బిందే చూశారు. “మరి నా కుర్చీ?”

“తోటంతా వరండాయే గదండీ.”

చెట్ల కింద కామాక్షమ్మకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. పక్కనున్నవాళ్లకీ వచ్చింది.

ఆయన మొహం ఎర్రబడింది. “టెక్కలివాళ్లతో మాటాడీసినాను. నెలాఖరుకి కాళీ సేత్తామన్నారు” అన్నారు గొంతు తగ్గించి.

“మీకు వెళ్లాలని ఉంటే వెళ్లండి. వారానికోసారి వచ్చి చూస్తాను. నేనిక్కడే ఉంటాను.”

నేను అరవలేదు. ఆయన కోసం వండిన కూర మూత పెట్టి ఉంది, అది కూడా చెప్పాను. సంచీ అందుకుని లోపల పెట్టాను. ముప్పై ఏళ్లు కలిసున్న మనిషి, అలిసిపోయి వచ్చారు. నాకు జాలి ఉంది. జాలి ఉందని గోడ పడగొట్టను.

ఆయన కుర్చీ ఎత్తుకెళ్లి దగ్గర చెట్టు కింద వేసుకున్నారు. పడమటి ఎండ ఆకుల కిందినుంచి సూటిగా వచ్చి మొహాన కొట్టింది. కుర్చీ జరిపారు. అక్కడా కొట్టింది. చెట్టు అవతలికి తిప్పారు. ఏ చెట్టుకీ కింద ఆకు లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని, నరికిన కొమ్మల మొదళ్లు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నారు. అంత బయట, అంతమంది ముందు, చాటు లేకుండా కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి.

పని ముగించి ఆడవాళ్లు వచ్చారు. ఆయన్ని చూసి వెనక్కి తగ్గారు. “రండి” అన్నాను నేను. ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి గడియ వేసుకున్నారు. ఆయన తల తిప్పి సముద్రం వైపు చూశారు. ఎవరూ తిప్పమనలేదు. ఆఖరున కామాక్షమ్మ బయటికి వచ్చి, “తలుపు బాగున్నాదమ్మా” అని, ఆగి, “సీర ఇంక కట్టుకోవచ్చు” అంది.

వాళ్లు వెళ్లిపోయాక బిందె దగ్గర కూర్చున్నాను. చెట్టు కిందినుంచి ఆయన గొంతు వచ్చింది.

“ఎనక వరసకి ఈ ఏడాది కింద కొమ్మలు కొట్టను.” కొంచెం ఆగి, “ఇన్ని నీళ్లు ఇయ్యి చంద్రా.”

“బిందె ఇక్కడే ఉందండీ.”

కుర్చీ కిర్రుమంది. ఇసుకలో చెప్పుల చప్పుడు నెమ్మదిగా దగ్గరికి వస్తోంది. నేను చెంబు ముంచి, ఎత్తిపట్టి తాగాను. మళ్లీ ముంచి తాగాను. గొంతులోంచి చల్లగా కడుపు దాకా దిగింది. ఆయన కోసం బిందె మీద మూత పెట్టకుండా వదిలేశాను.

తోట మీద ఇంకా బోలెడు ఎండ ఉంది.